ఎక్కడ పుట్టావంటే రాజంపేట

అమెరికాలోని ఫ్రీమాంట్‌లో మేం అద్దెకున్న మూడు ఇళ్లలో ఒక్క గరాజ్‌లోకి కూడా చాలా ఏళ్ల దాకా మా కారు వెళ్లలేదు. కారు పట్టక కాదు, అందులో డబ్బాలు ఉండేవి. టీవీ వచ్చిన డబ్బా, మిక్సీ వచ్చిన డబ్బా, మైక్రోవేవ్‌ది, వాక్యూమ్ క్లీనర్‌ది, మా అమ్మాయి పుట్టినప్పుడు కొన్న ఉయ్యాలది. లోపలి థర్మోకోల్ ముక్కలు కూడా దేని డబ్బాలో అవి భద్రంగా ఉండేవి. ఇవన్నీ ఎందుకని మా ఆయన అడిగినప్పుడల్లా "ఇల్లు మారితే పనికొస్తాయి" అనేదాన్ని. ఇల్లు రెండుసార్లు మారాం. రెండుసార్లూ మూవర్స్ వాళ్లు తమ డబ్బాలు తామే తెచ్చుకుని, మా సామానుతో పాటు మా ఖాళీ డబ్బాలను కూడా మోసి కొత్త ఇంటికి చేర్చారు. దానికి విడిగా బిల్లు వేశారని మా ఆయన ఇప్పటికీ నలుగురిలో చెబుతారు.

ఆ అలవాటు నాకు మా నాయన నుంచి వచ్చింది. నాయన కువైట్‌లో ముప్పై ఏళ్ల పైన ఉన్నాడు. ఎడారిలో చమురు తీసే కార్మికుల క్యాంపులకు భోజనాలు పంపే కంపెనీలో స్టోర్‌కీపర్. అన్నేళ్లు ఆ దేశంలో ఉండి నాయన ఒక్క చమురు బావిని కూడా దగ్గరగా చూడలేదు. ఆయన చూసిన నూనె అంతా స్టోర్లోని వంటనూనె డబ్బాలే. మేం సోఫా కొనలేదు. గోడకు మేకు కొట్టలేదు. క్యాలెండర్‌ను కూడా తలుపు గడియకు తగిలించేవాడు. ఎవరైనా అడిగితే "మనం టెంపరరీ గదా" అనేవాడు. అలా అంటూ అంటూనే నాయన జుట్టు తెల్లబడింది.

మా బిల్డింగ్‌లోనే కాదు, మాలాంటి వాళ్లందరి ఇళ్లలోనూ మంచాల కింద, బీరువాల మీద డబ్బాలు ఉండేవి. ఉద్యోగం ఎప్పుడు పోతుందో తెలియదు. ఉద్యోగం పోతే అకామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, పోతుంది. నాయనది పోతే ఆయన పేరు మీద ఉన్న అమ్మదీ నాదీ కూడా పోతాయి. కాబట్టి టీవీ కొనే రోజే దాన్ని తిరిగి డబ్బాలో పెట్టే రోజు గురించి కూడా ఆలోచించి కొనేవాళ్లు. డబ్బా చిరిగి ఉంటే షాపులో ఇంకోటి చూపించమని అడిగేవాడు నాయన. లోపలి టీవీ సంగతి తర్వాత.

నాకు ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా కువైట్ వాళ్లే ఆ దేశానికి బయటి నుంచి వచ్చినవాళ్లని అనుకునేదాన్ని. నా తప్పేమీ లేదు. మా బిల్డింగ్‌లో కింద కాపలా మనిషి ఈజిప్టు ఆయన. మొదటి అంతస్తులో మలయాళీ నర్సులు, రెండో అంతస్తులో ఫిలిప్పీన్స్ వాళ్లు, మా ఎదురుగా సిరియా కుటుంబం. మెట్లు కడిగేది బంగ్లాదేశ్ ఆయన. బడిలో నా పక్కన కూర్చున్న వాళ్లలో గోవా పిల్ల ఉంది, లక్నో పిల్ల ఉంది, కువైట్ పిల్ల ఒక్కతీ లేదు. తెల్లటి పొడుగు చొక్కా వేసుకుని నెలకోసారి పెద్ద కారులో వచ్చే ఇంటి ఓనరు ఒక్కడే నేను దగ్గరగా చూసిన కువైట్ మనిషి. పాపం, ఇంతమంది మధ్య ఒక్కడే ఎలా ఉంటున్నాడో అని నాకు జాలిగా ఉండేది. ఆ జాలి సంగతి ఒకసారి అన్నం తింటూ చెబితే అమ్మకు పొలమారింది.

ఇంతమందిమి ఉన్నా ఆ దేశం మాది కాదు, కాబోదు కూడా. అక్కడ పుట్టినా, అక్కడే ముసలివాళ్లయినా తండ్రి ఆ దేశస్థుడైతేనే ఆ దేశస్థులు. ఆ లెక్క నాయనకు బాగా తెలుసు. ఆయనకు దాని మీద కోపం ఉండేది కాదు, భయం మాత్రం ఉండేది. మనం ఏదో అడుగుతున్నామని వాళ్లు అనుకుంటారేమోనన్న భయం. అందుకే అకామా రెన్యూవల్‌కు ఆఫీసుకు వెళ్లే ప్రతిసారీ, అమ్మ నాకు జడ వేస్తుంటే నాయన ఎదురుగా కూర్చుని పరీక్ష పెట్టేవాడు.

"నీ పేరేంది?"

చెప్పేదాన్ని.

"ఏ దేశం?"

"ఇండియా."

"యాడ పుట్టినావు?"

"రాజంపేట."

"శెబాష్. ఈడ పుట్టినానని మాత్రం అనొద్దు పాపా. ఈడ మనకేమన్నా రావాలని అడుగుతుండామని అనుకుంటారు."

అప్పటికి నేను రాజంపేట చూసింది రెండే రెండుసార్లు, అదీ ఎండాకాలం సెలవుల్లో. పుట్టింది మాత్రం కువైట్‌లోనే, ప్రభుత్వ ఆసుపత్రిలో. కాన్పుకు అమ్మను ఊరికి పంపాలనుకున్నారట గానీ ఆ నెలలో నాయన అకామా రెన్యూవల్‌లో ఉండి పాస్‌పోర్టులు ఆఫీసులో చిక్కుకుపోయాయి. నేను వాటికోసం ఆగలేదు.

ఒకసారి ఆ ఆఫీసులో కౌంటర్ వెనక ఉన్నాయన ముద్దుగా వంగి, ఎక్కడ పుట్టావమ్మా అని ఇంగ్లీషులో నన్నే అడిగాడు. నేను ఛాతీ విరుచుకుని "రాజంపేట" అన్నాను. ఆయన చేతిలో ఉన్న నా కాగితం వైపు చూశాడు. అందులో కువైట్ అని ఉంది. మళ్లీ నా వైపు చూశాడు. పెద్దగా నవ్వి డ్రాయర్‌లోంచి చాక్లెట్ తీసిచ్చాడు. బయటికి వచ్చాక నాయన నా తల నిమిరాడు. ఆ జవాబు తప్పని ఆ రోజు అనిపించింది ఆ కౌంటర్ వెనక ఉన్నాయన ఒక్కడికే.

పన్నెండో తరగతి అయ్యాక మా పిల్లలందరం ఒక్కొక్కరుగా కదిలాం. అక్కడ మాకు కాలేజీలు లేనట్టే. నన్ను తిరుపతిలో డిగ్రీకి పంపారు. పదిహేడేళ్లు ఉన్న ఊరి నుంచి రెండు సూట్‌కేసులు, ఒక మిక్సీ డబ్బాతో బయలుదేరాను. చేతిలో రిటర్న్ టికెట్ కూడా ఉంది. కానీ దేశం వదిలి ఆరు నెలలు దాటితే అకామా దానంతటదే రద్దయిపోతుంది. నేను రెండో సెమిస్టర్ పరీక్షలు రాస్తుండగా అది అలాగే పోయింది. నన్నెవరూ వెళ్లగొట్టలేదు. పరీక్ష రాసి వచ్చేసరికి నేను పుట్టిన దేశంలోకి వెళ్లాలంటే వీసా కావలసి వచ్చింది. హాస్టల్లో ఆ రోజు వెక్కి వెక్కి ఏడ్చాను. ఎందుకని అడిగిన అమ్మాయిలకు పేపర్ కష్టంగా వచ్చిందని చెప్పాను. వాళ్లు అప్పటికే నన్ను "కువైట్ పిల్ల" అని ఆటపట్టించేవాళ్లు. ఆ తర్వాత ఎవరు ఎక్కడ పుట్టావని అడిగినా ఇంకా గట్టిగా రాజంపేట అనడం మొదలుపెట్టాను.

పెళ్లిచూపుల్లోనూ అదే జరిగింది. గుంటూరు నుంచి వచ్చిన పెళ్లికొడుకు, అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరైన మా ఆయనే, మమ్మల్నిద్దరినీ మేడ మీద మాట్లాడుకోమంటే ఏం మాట్లాడాలో తోచక "మీరు పుట్టింది ఎక్కడండీ?" అన్నారు. రాజంపేట అన్నాను. చదువు కువైట్‌లో అని కూడా చెప్పాను. ఇందులో అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం రవ్వంత కూడా లేదు. ఆ ప్రశ్నకు నా నోట్లో జవాబు ముందే తయారుగా ఉంటుంది, నన్ను అడగకుండానే బయటికి వచ్చేస్తుంది.

ఇక అమెరికా సంగతి. ఇక్కడ మా అమ్మాయి పుట్టిన మర్నాడే ఆసుపత్రి వాళ్లు ఒక ఫారం తెచ్చి పేరు రాయమన్నారు. అంతే, అది ఈ దేశం పిల్ల అయిపోయింది. ఇంకా సరిగ్గా పాలు తాగడం కూడా రాలేదు దానికి. నేను ఆ ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను, గడువు తేదీ ఎక్కడైనా ఉందేమోనని. మేమిద్దరం మాత్రం మా ఆయన ఉద్యోగం మీద వేలాడుతున్న వీసాల మీదే ఉన్నాం. గ్రీన్‌కార్డ్‌కు అంతకు ఏడాది ముందే అప్లై చేసి క్యూలో నిలబడి ఉన్నాం.

ఈ క్యూ గురించి రెండు ముక్కలు చెప్పాలి. మనిషి ఏ దేశ పౌరుడో దీనికి అక్కర్లేదు. ఏ దేశంలో పుట్టాడో అదే కావాలి. ఇండియాలో పుట్టినవాళ్ల క్యూ కొండవీటి చేంతాడంత. మిగతా చాలా దేశాల వాళ్లది ఇట్టే అయిపోతుంది. భార్యాభర్తల్లో ఒకరు వేరే దేశంలో పుట్టి ఉంటే ఇద్దరూ ఆ చిన్న క్యూలోకి మారిపోవచ్చు. ఇది మాకు తెలియని విషయం కాదు. ఫ్రెండ్స్ కలిసినప్పుడల్లా ఎవరో ఒకరు దీని మీద జోకులు వేసేవారే. మా ఆయన కూడా ఒకసారి అందరి ముందూ "దుబాయ్‌లోనో మస్కట్‌లోనో పుట్టిన పిల్లని చేసుకుని ఉంటే ఈపాటికి ఇల్లు కొనేవాణ్ణి" అన్నారు. నేను ఆయనకు పప్పు వడ్డిస్తున్నాను. నేనూ నవ్వాను. అలాంటి పిల్లను నేనేనని నాకు తట్టనే లేదు, నమ్మడం కష్టమని తెలుసు. గుర్తొస్తే నాకూ కష్టంగానే ఉంటుంది.

అలా తొమ్మిదేళ్లు గడిచాయి. ప్రతి నెలా క్యూ ఎంత కదిలిందో చెప్పే బులెటిన్ వస్తుంది. మా ఆయన దాన్ని పంచాంగం చూసినంత శ్రద్ధగా చూసేవారు. ఒక నెల రెండు వారాలు ముందుకు, ఒక నెల ఏడాది వెనక్కి. ఆ ఏడాది వసంతంలో ఆయన కంపెనీలో మనుషుల్ని తీసేయడం మొదలైంది. ఉద్యోగం పోతే మాకు అరవై రోజులు. ఆలోగా ఇంకో కంపెనీ దొరక్కపోతే సర్దుకోవాలి. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. దాన్ని ఎవరూ పొమ్మనరు. మమ్మల్ని పొమ్మంటారు, మా వెంట అదీ రావాలి. నాకు పదిహేడేళ్లకు జరిగింది దీనికి ఎనిమిదేళ్లకే జరుగుతుందని భయం పట్టుకుంది. భయం వేసినప్పుడు నేను గరాజ్‌లోకి వెళ్లి డబ్బాలన్నీ ఉన్నాయో లేదో చూసుకునేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ కొంచెం ధైర్యం వచ్చేది.

ఆ రోజుల్లోనే నాయన వచ్చాడు. కువైట్ వదిలాక రాజంపేటలోనే ఉంటున్నాడు, అమ్మ పోయిన తర్వాత ఏటా ఒకసారి మా దగ్గరికి వస్తాడు. ఎయిర్‌పోర్ట్‌లో ఆరు నెలలు ఉండమని ముద్ర వేస్తారు. నాయన ఏనాడూ ఆరు నెలలు ఉండలేదు. గడువుకు సరిగ్గా వారం ముందు వెళ్లిపోతాడు. వచ్చిన రోజే గరాజ్ తలుపు తీసి చూసి, "డబ్బాలు బాగానే పెట్టుకున్నావు" అన్నాడు తృప్తిగా. మా ఆయన నా వైపు చూసిన చూపు మర్చిపోలేను.

ఒక శనివారం మధ్యాహ్నం ఫ్రెండ్స్ ఇంట్లో భోజనాలు. అందరం తలా ఒక వంటకం తీసుకెళ్లాం. గుత్తివంకాయ అయ్యేసరికి మాటలు గ్రీన్‌కార్డ్ మీదికి వచ్చాయి, మామూలే. ఆ రోజు కొత్తగా వచ్చిన నెల్లూరాయన తమకు కార్డ్ వచ్చేసిందన్నాడు. అందరూ తినడం ఆపారు. "మా మిసెస్ మస్కట్‌లో పుట్టింది కదండీ, క్యూ మారిపోయాం. రెండేళ్లలో వచ్చేసింది" అన్నాడు. ఆడవాళ్లందరూ ఆయన భార్య వైపు కొత్త నగ చూసినట్టు చూశారు.

పెరుగన్నం కలుపుకుంటున్న నాయన తలెత్తి, "అట్నా? మా పాప కూడా ఆపక్కే గదా, కువైట్ ఆస్పత్రిలో పుట్టింది" అన్నాడు మామూలుగా. అని మళ్లీ పెరుగన్నం కలుపుకున్నాడు.

మా ఆయన చేతిలో అప్పడం ఉంది. అది అలాగే ఉండిపోయింది. "ఎవరండీ? ఎవరు కువైట్‌లో పుట్టింది?" అన్నారు.

"ఇంకెవురు అల్లుడుగారూ, ఈయమ్మే" అని నాయన నన్ను చూపించాడు.

భోజనాలు కాగానే కారెక్కి బయలుదేరాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మా ఆయన నెమ్మదిగా అన్నారు, "తొమ్మిదేళ్లు. నేను ప్రతి నెలా బులెటిన్ చూస్తుంటే పక్కనే కూర్చుని టీ తాగావు."

"నాకు తట్టలేదండీ."

"పెళ్లిచూపుల్లో అడిగాను కదా! అంత మంచి ప్రశ్న ఇంకెవడైనా అడిగాడా నిన్ను?"

వెనక సీట్లోంచి మా అమ్మాయి, "అమ్మా, యూ డోంట్ నో వేర్ యూ వర్ బోర్న్?" అంది.

"పాపకు తెల్సులే. చెప్పొద్దని నేనే నేర్పినా" అన్నాడు నాయన. గొంతులో ఇంకా కాస్త గర్వం ఉంది.

ఇంటికి రాగానే పాత ఫారాలు తీశాం. తొమ్మిదేళ్ల కిందట లాయర్ ఆఫీసు వాళ్లు పంపిన ప్రశ్నల పత్రం. నా వివరాలు నేనే నింపాను, నా చేతిరాతే. పుట్టిన దేశం అన్నచోట గుండ్రటి అక్షరాల్లో ఇండియా అని ఉంది. పక్కనే పాస్‌పోర్ట్ పెట్టి చూశాం. పుట్టిన స్థలం అన్నచోట చిన్న అక్షరాల్లో కువైట్ అని ఉంది. అది అచ్చయిన రోజు నుంచీ అక్కడే ఉంది. నేను ఒక పళ్ల డాక్టర్ క్లినిక్‌లో ఫ్రంట్ డెస్క్‌లో పని చేస్తాను. పేషెంట్లు ఫారాలు సరిగ్గా నింపారో లేదో చూడటమే నా పని. ఆ మాట మా ఆయన ఆ రోజు ఒక్కసారి కూడా ఎత్తలేదు. తర్వాత ఏడాది పొడుగునా ఎత్తారు.

సోమవారం లాయర్‌తో వీడియో కాల్. పొరపాటు దిద్దుకోవచ్చని, పాస్‌పోర్ట్‌లో స్పష్టంగా ఉంది కాబట్టి కువైట్ బర్త్ సర్టిఫికెట్ పెడితే వెంటనే ఫైల్ చేయొచ్చని ఆవిడ చెప్పింది. మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నాయన మాత్రం నా భుజం తట్టి, "ఆయమ్మను ఒక మాట అడుగు. కువైట్ వాళ్లకు ఫోన్ జేస్తారా?" అన్నాడు.

అడిగాను. చేయరని చెప్పింది.

"ఆడ పుట్టినానని చెప్పుకుంటే వాళ్లు ఏమన్నా అంటారేమో అడుగు."

లాయర్ నవ్వి, మనం కువైట్‌ని ఏమీ అడగడం లేదు సర్, అంది. నాయన తలూపాడు గానీ నమ్మలేదు. కాల్ అయిపోయాక వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి నన్ను మళ్లీ అడిగాడు. "ఏమీ అనరు గదా పాపా?" ఆ దేశం వదిలి అన్నేళ్లయినా, మధ్యలో ఇన్ని సముద్రాలున్నా, ఆయన ఇంకా ఆ కౌంటర్ ముందే నిలబడి ఉన్నాడు. నాకు నవ్వు వచ్చింది. ఏమీ అనరు నాయనా అని చెప్పి టీ కలిపి ఇచ్చాను.

సర్టిఫికెట్ కోసం ఊరికి ఎవరినీ పంపే పనిలేకపోయింది. నాయన ఎక్కడికి వెళ్లినా ఆకుపచ్చ రెక్సిన్ ఫైల్ ఒకటి వెంట ఉండాల్సిందే. గడువు తీరిన అకామాలు, అక్కడి గుర్తింపు కార్డయిన అమ్మ బతాకా, నా టీకాల కాగితం, అన్నీ అందులో ఉన్నాయి. బర్త్ సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో మడత కూడా నలగకుండా ఉంది. "జెరాక్స్ ఇస్తా. ఒరిజినల్ మాత్రం నా చేతిలోనే ఉంటాది" అన్నాడు. ఆయనే స్వయంగా కాపీల షాపుకు వచ్చి మిషన్ పక్కన నిలబడ్డాడు.

కాగితం అరబ్బీలో ఉంది కాబట్టి ఇంగ్లీషులోకి మార్పించాలి. ఫ్రీమాంట్‌లోనే ఒకావిడ ఆ పని చేస్తుందని తెలిసి నాయనా నేనూ ఆవిడ ఇంటికి వెళ్లాం. ఈజిప్టు ఆవిడ, నా వయసే ఉంటుంది. కాగితం తీసుకుని ఒక్కో మాటా పైకి చదువుతూ ఇంగ్లీషులో చెప్పింది. తండ్రి జాతీయత భారతీయుడు. తల్లి జాతీయత భారతీయురాలు. పుట్టిన చోటు కువైట్, ఫలానా ఆసుపత్రి, ఉదయం ఇన్ని గంటలకు. నా పుట్టుక గురించి అన్ని వివరాలు నేనెప్పుడూ వినలేదు. ఆవిడ చదవడం ఆపి, మీరు కువైటీనా అని అడిగింది. కాదన్నాను. నేనూ అక్కడే పుట్టాను, నేనూ కువైటీని కాదు, అంది.

తర్వాత అరగంట పని సాగలేదు. ఏ పేటలో ఉండేవారు, ఏ బస్సు ఎక్కేవారు, వీధి చివర బట్టీలో వేడి వేడి రొట్టెలు కొని ఇంటికి వచ్చేలోపు సగం తినేసేవారా లేదా. తినేసేదాన్నని ఆవిడ, నేనూనని నేను. ధూళి గాలి వచ్చినప్పుడు కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కేవాళ్లమన్నాను. ఆవిడ టేబుల్ మీద చరిచి నవ్వింది. మా ఇద్దరిదీ ఒకే ఊరు. ఊరివాళ్లు ఊరివాళ్లు కలిస్తే ఎలా ఉంటుందో నాకు జీవితంలో మొదటిసారి ఆ రోజే తెలిసింది. నాయన ఈ మధ్యలో తనకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో ఆవిడ తండ్రి క్షేమం అడిగాడు. ఆయనా నాయనలాగే అన్నేళ్లూ ఉండి తిరిగి వెళ్లిపోయాడట. లేచేటప్పుడు నాయన ఆమెను అడిగాడు, "మీ ఇంట్లో కూడా డబ్బాలు పెట్టుకున్నారా?" నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ వెనక గది తలుపు తీసి చూపించింది. కప్పు దాకా ఉన్నాయి.

ఫైల్ చేశాక ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా శుక్రవారాలు మాకు గండాల్లా ఉండేవి, ఎందుకంటే మా ఆయన కంపెనీలో మనుషుల్ని తీసేసేది శుక్రవారాలే. ఆయన టీమ్‌లో సగం మంది వెళ్లిపోయారు. ఆయన సాయంత్రం ఇంటికి వచ్చి బ్యాగ్ కుర్చీలో పెట్టేదాకా నేను అన్నం తినేదాన్ని కాదు. నాయన ఆ ఏడాది గడువుకు వారం ముందు వెళ్లి, మళ్లీ వసంతంలో వచ్చాడు. ఆయన ఇంకో పది రోజుల్లో బయలుదేరతాడనగా కార్డులు వచ్చాయి.

మా ఆయన కవర్ చింపి తన కార్డ్ చూసుకుని, నా కార్డ్ తీసి టేబుల్ మీద పెట్టి దానికి దండం పెట్టారు. నిజంగానే, రెండు చేతులూ జోడించి. "కువైట్ మాతా" అన్నారు. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. నాయన కళ్లద్దాలు పెట్టుకుని నా కార్డ్ తీసుకున్నాడు. పుట్టిన దేశం కువైట్ అని అచ్చై ఉన్నచోట వేలు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత అలవాటు ప్రకారం గడువు తేదీ వెతికాడు.

"పదేండ్లా?" అన్నాడు. "మనకెప్పుడూ రెండేండ్లకు మించి ఇయ్యలేదే."

"అది కార్డుకే నాయనా, మార్పించుకోవడానికి. మమ్మల్ని ఇంక పొమ్మనరు."

"పొమ్మనరు" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "మీ అమ్మ ఉండి ఉంటే..." అని ఆపేశాడు. నేను ఏడ్చాను. దాచుకోలేదు.

ఆ శనివారం మా ఆయన గరాజ్ పండగ చేశారు. డబ్బాలన్నీ బయటికి లాగి, కత్తితో టేపులు కోసి, చదును చేసి రీసైక్లింగ్‌కు కట్టలు కట్టారు. మా అమ్మాయి థర్మోకోల్ ముక్కల మీద గెంతింది. నేను అడ్డం చెప్పలేదు. ఇంకెందుకని నాకే అనిపించింది. మిక్సీ డబ్బా వంతు వచ్చేసరికి నాయన లోపల్నించి వచ్చి, "అల్లుడుగారూ, అదొక్కటి కొయ్యొద్దు" అన్నాడు.

"ఇంకా డబ్బాలెందుకు తాతా? వీ ఆర్ స్టేయింగ్!" అంది మా అమ్మాయి.

"మీకొద్దులే బంగారూ. నాకు కావాల. నేను పోవాల గదా."

మా ఆయన చేతిలో కత్తి పక్కన పెట్టేశారు. నేను అన్నాను, "ఇంకా రెండు వారాలు గడువు ఉంది కదా నాయనా. ఈసారైనా చివరిదాకా ఉండు. ఎవరూ ఏమీ అనరు."

"అనే దాకా ఉండకూడదు పాపా" అన్నాడు.

ఆ డబ్బాలో తనవి నాలుగు చొక్కాలు, మా అమ్మాయి గీసిన బొమ్మలు, విటమిన్ మాత్రల సీసాలు సర్దుకున్నాడు. ప్లాస్టిక్ తాడుతో నిలువునా అడ్డంగా కట్టాడు. ముడి ఎలా వేయాలో మా ఆయనకు చూపించాడు కూడా. మార్కర్ నా చేతికిచ్చి అన్ని వైపులా పెద్ద అక్షరాలతో రాయమన్నాడు. ఆయన పేరు, ఫోన్ నంబర్, రాజంపేట అని రాశాను. రాజంపేట అని నాలుగుసార్లు రాశాను. గడువుకు సరిగ్గా వారం ముందు విమానం ఎక్కించి వచ్చాం. తిరిగి వచ్చాక మా ఆయన మొట్టమొదటిసారి కారును గరాజ్‌లోకి ఎక్కించి, కిందికి దిగి, చుట్టూ తిరిగి చూసుకున్నారు.

కిందటి నెల పాత మిక్సీ కాలిపోతే కొత్తది తెప్పించాం. మా ఆయన దాన్ని బయటికి తీసి, డబ్బా చదును చేయడానికి కత్తి అందుకున్నారు. నేను డబ్బాను లాక్కున్నాను.

"మళ్లీ మొదలుపెట్టావా? కార్డ్ వచ్చింది కదా!" అన్నారు.

"మనకు కాదండీ" అన్నాను. "నాయన మళ్లీ వసంతంలో వస్తాడు. పోవడానికి డబ్బా కావాలి కదా."

 ఆయన గరాజ్‌లో కారును ఇంకాస్త ముందుకు జరిపి, డబ్బాకు చోటు చేశారు.